సైకిల్ తాళం చప్పుడైతే చాలు, కుక్క గేటు దగ్గరుంటుంది

తిరుపతి ఎం.ఆర్.పల్లె వైపు నుంచి ఒకామె రాశారు, పేరు వేయొద్దన్నారు. వయసు నలభైకి దగ్గర, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో లెక్కలు చూస్తారు. థైరాయిడ్ వచ్చి ఒళ్ళు బరువెక్కితే డాక్టర్ నడవమన్నారు, నడక విసుగనిపించి గేర్ల సైకిల్ కొనుక్కున్నారు. రోజూ ఐదుంపావుకల్లా బయల్దేరి, జూపార్కు రోడ్డు పట్టుకుని చెర్లోపల్లి దాకా పోయి, ఆరున్నరకి ఇల్లు చేరి, క్యారియర్లు కట్టి, తొమ్మిదికి డ్యూటీలో ఉంటారు. "రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని గంట అదొక్కటే" అని రాశారు.

ఇంట్లో కర్రోడని ఒక నాటుకుక్క. ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ మామగారు వానలో కాలవ పక్కన దొరికిన పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చారట. నల్లటిది, ఇప్పుడు ఇరవై కిలోలుంటుంది. మామగారు పోయి ఏడాది దాటింది. సైకిల్ కొన్నప్పటి నుంచి అది ఈమె వెంట పరిగెడుతోంది, తాడూ లేదు, ఎవరూ నేర్పలేదు. మొదట్లో ముందు అది, వెనక ఈమె. ఇప్పుడు ముందు ఈమె, చాలా వెనక అది. పోయిన నెల ఒక సందు మలుపులో నాలుగు వీధికుక్కలు మీదకొస్తే ఇది బెదిరి పక్కకు దూకింది, పాలబ్బాయి మోపెడ్ పడిపోయింది, ఒక క్యాను పాలు రోడ్డు పాలు. డబ్బులిచ్చి పంపించారు. విషయం తెలిసి భర్త, "సైకిలన్నా ఆపు, కుక్కనన్నా కట్టెయ్" అన్నాడు. కట్టేస్తే గంటా ఒకటే ఏడుపు, మేడమీద ఓనరమ్మ కిందికి దిగొచ్చింది. మూడోరోజు నైలాన్ తాడు కొరికేసి, బట్టలుతికే రాయెక్కి గోడ దూకి, జూపార్కు రోడ్డు మీద ఈమెను అందుకుంది. అందుకుని అక్కడే కూలబడింది. నాలుక పక్కకి వేలాడి, నోటి వెంట చిక్కటి చొంగ, నీళ్ళు పోస్తే తాగలేదు. ఆటో దొరికే దాకా రోడ్డు పక్కనే దాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఇంటికొస్తే భర్త అన్న మాట: "నాన్న కుక్కని చంపేదాకా ఆ సైకిల్ వదలవా?"

ఆమె అడిగేది ఇది. అది ఇష్టంతోనే కదా పరిగెడుతోంది, ఆపితే పాపం కాదా? బెల్టు కట్టి పక్కనే పరిగెత్తించే పద్ధతేమన్నా ఉందా, బుట్టో బండో కట్టించి ఎక్కించుకోవచ్చా? లేకపోతే సైకిలే మానుకోవాలా?

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక పని, మిగతాది తర్వాత చదవండి. ఆ రోజు జరిగింది మామూలు అలసటని అనుకుని వదిలేయకండి. చొంగ చిక్కబడటం, నీళ్ళు ముట్టకపోవడం, కాళ్ళు లేవకపోవడం, ఈ మూడూ కలిస్తే వడదెబ్బ గడప దాకా వెళ్ళినట్టే. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకి పాదాల కింద కొంచెం తప్ప చెమట లేదు, వేడంతా నాలుక బయటపెట్టి రొప్పితేనే పోవాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచేయదు, అందుకే ఎండలేని ఉక్కపోత పొద్దున కూడా వడదెబ్బ తగలొచ్చు, చల్లగానే ఉంది కదా అని మనం మోసపోతాం. దాని ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం, 106 దాటితే లోపల అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇంకెప్పుడైనా అలా కూలబడితే నీడకు లాగి, పొట్ట మీదా తొడల సందునా పాదాల మీదా మామూలు చల్లనీళ్ళు ధారగా పోస్తూ విసరండి. తడి టవల్ కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి. కాస్త చల్లబడ్డాక తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే. జ్వరమేమో అని మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వేయకండి, కుక్కలకి అవి విషం.

పశువైద్య విశ్వవిద్యాలయం మన ఊళ్ళోనే ఉంది, ఆ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గుండె, కీళ్ళు చూడమనండి. రక్తపరీక్ష కూడా అడగండి, ముఖ్యంగా పిడుదుల జ్వరానికి. పిడుదులు కుట్టి వచ్చే ఆ జబ్బు మన వైపు కుక్కల్లో మామూలు. ఒక్కోసారి పైకి జ్వరం తెలియదు, కుక్క నెమ్మదిస్తుంది అంతే, మనం వయసనుకుంటాం. "ముందు అది, వెనక నేను" నుంచి "ముందు నేను, చాలా వెనక అది" దాకా వచ్చిందని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. ఎనిమిదేళ్ళ నాటుకుక్క ముసలిదేమీ కాదు. అంతలా వెనకబడితే కారణం వెతకాల్సిందే.

ఇక ఇష్టం సంగతి. అది పరుగును ఇష్టపడుతోందని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మీ ఉత్తరంలోనే ఉంది, మీరు ఊళ్ళో లేని రోజుల్లో గేటు తీసిపెట్టినా అది వీధి చివరి దాకా పోయి, రెండు స్తంభాలు వాసన చూసి, తిరిగొచ్చి పడుకుంటుందని. పరుగు పిచ్చి ఉన్న కుక్క అలా చేయదు. దానికి కావలసింది మీరు. మీరు సైకిల్ ఎక్కి పోతున్నారు కాబట్టి అది పరిగెడుతోంది, బస్సెక్కితే బస్సు వెనక కూడా పరిగెత్తేది. మనుషులం అలిసిపోతే ఆగుతాం, కనీసం సణుగుతాం. కుక్క తన మనిషి కనుమరుగవుతుంటే ఆగదు, కాళ్ళు కూలబడే దాకా వస్తుంది. అంచేత ఎక్కడ ఆపాలో దాన్ని చూసి తేల్చుకుందామంటే కుదరదు, మీరే తేల్చాలి. పాపమంటారా, ఆపడంలో లేదు.

బెల్టు కట్టి పక్కన పరిగెత్తించే పద్ధతి ఉంది, బాగానే ఉంటుంది కూడా, సరైన కుక్కతో సరైన చోట. మెడపట్టీకి కాదు, ఛాతీ చుట్టూ వచ్చే బెల్టుకి కట్టాలి. తాడు రెండో కొసని హ్యాండిల్‌కి గానీ చేతి మణికట్టుకి గానీ చుట్టకూడదు, పిల్లి కనిపించి అది ఒక్క గుంజు గుంజిందంటే ముందు పడేది మీరే. సీటు కింది రాడ్డుకో వెనక చక్రం ఇరుసుకో బిగించే స్ప్రింగు రాడ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కిందనుంచి లాగితే సైకిల్ అంతగా తూలదు, స్ప్రింగు కాస్త కుదుపు మింగుతుంది. కుక్క ఎడమవైపు ఉండాలి, బండ్లన్నీ మీ కుడివైపు నుంచి దాటిపోతాయి కాబట్టి. వేగం దాని దుడుకు నడకను మించకూడదు, గంటకి పది పన్నెండు కిలోమీటర్లు. అది గెంతులేస్తూ వస్తోందంటే మీరు ఎక్కువ తొక్కుతున్నారన్నమాట. తిన్న గంటా రెండు గంటల్లోపు పరుగు వద్దు, మధ్యలో కొంచెం కొంచెం నీళ్ళు. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి ఏడు లెక్కపెట్టే దాకా ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉంచలేవు. మొదటి కొన్ని వారాలు సైకిల్ ఎక్కనే కూడదు, మధ్యలో సైకిల్, అటు అది, ఇటు మీరు, నడుచుకుంటూ పోవాలి. ఏడాది, ఏడాదిన్నర నిండని పిల్లలకి ఇది అసలే పనికిరాదు, ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ఈ ముక్క మీకోసం కాదు, లాబ్రడార్ పిల్లను కొని నెల తిరక్కుండానే బండి వెనక పరిగెత్తించే కుర్రాళ్ళు చదువుతారేమోనని.

మీకు మాత్రం ఈ దారి నేను చెప్పను. డాక్టర్ బాగానే ఉందన్నా చెప్పను. మొన్న కట్టేసిన మూడు రోజులు తప్ప కర్రోడు పుట్టిన దగ్గర్నుంచి మెడకి తాడెరగడు, ఇప్పుడు నేర్పొచ్చు గానీ నెలలు పడుతుంది. పైగా అసలు గొడవ వీధికుక్కలతో. ప్రతి సందుకీ ఒక గుంపు, ప్రతి గుంపుకీ ఒక హద్దు. కొత్త కుక్క నెమ్మదిగా నడిచిపోతే మొరిగి ఊరుకునేవి కూడా పరిగెత్తిపోతుంటే వెంటపడతాయి. వదిలేసిన కుక్కైతే తోక ముడుచుకునో పక్క సందులోకి దూరో బయటపడుతుంది. సైకిల్‌కి కట్టిన కుక్కకి ఆ దారి కూడా ఉండదు, మీ చక్రాల మధ్యకే వస్తుంది.

అలాగని వదిలేసి తిప్పడం కూడా చెల్లదు. ఆ పాలబ్బాయి మంచివాడు కాబట్టి పాల డబ్బులతో పోయింది. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరక్కుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. భయపెట్టాలని కాదు. చెయ్యో కాలో విరిగుంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

జూపార్కు రోడ్డు గురించి మీరు ఒక్క ముక్క కూడా భయపడుతూ రాయలేదు, అదే నాకు టెన్షన్. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కొండ కిందంతా చిరుతలు తిరిగే చోటే, యూనివర్సిటీ ఆవరణల్లో కూడా కనిపించాయి. చిరుతకి కుక్క ఇష్టమైన తిండి, ఊరి అంచుల్లోకి అది వచ్చేదే ఎక్కువగా కుక్కల కోసం. పక్కన కుక్క ఉంటే మనకి కాపలా అనుకుంటాం, చీకటి విడవని వేళ ఆ రోడ్డు మీద అది ఎర. ఐదుంపావుకి అక్కడికి పోవడం కుక్కతోనే కాదు, మీరొక్కరైనా వద్దు. బాగా తెల్లారాక బయల్దేరండి, లేకపోతే ఊళ్ళోనే వీధిలైట్లున్న రోడ్ల మీద తిరగండి. ముప్పావుగంట ఆలస్యమైతే క్యారియర్లెవరు కడతారంటారు కదా, దాని దగ్గరికే వస్తున్నా.

బుట్ట సంగతి త్వరగా తేల్చేస్తాను. ముందు బుట్టలో నాలుగైదు కిలోల బొచ్చుకుక్కని కూర్చోబెట్టొచ్చు, మీ ఇరవై కిలోల వాడు పట్టడు. వెనక క్యారేజీ ఆ బరువు మోస్తుంది గానీ, సిమెంటు మూటైతే కదలదు, వాడు కదులుతాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర దూకితే ఇద్దరూ కిందే. వెనక తగిలించుకునే రెండు చక్రాల తోపుడుబండి లాంటిది, అంటే ట్రైలర్, నయం. నేలకి దగ్గరగా ఉంటుంది, అది కదిలినా మీ బ్యాలెన్స్ పోదు. ఆన్‌లైన్‌లో ఖరీదెక్కువే, తెలిసిన వెల్డింగు షాపుంటే చేయించుకోవచ్చు, కాకపోతే సైకిల్‌కి తగిలించే కొక్కెం మాత్రం కొన్నదే వాడండి, ఊడొస్తే ప్రాణం మీదకొస్తుంది. ముందు ఇంట్లో నిలబెట్టి అందులో అన్నం పెట్టండి, తర్వాత వాకిట్లో లాగండి, ఆ తర్వాత వీధిలో. కొన్ని కుక్కలు మహారాజుల్లా కూర్చుంటాయి, కొన్ని చచ్చినా ఎక్కవు. కర్రోడు ఎక్కే రకమే అయినా ఒకటి ఆలోచించుకోండి: అప్పుడు ఆ గంట మీది కాదు, దానిది. వాడు సరిగ్గా కూర్చున్నాడా, నీళ్ళు తాగాడా అని వెనక్కి చూసుకుంటూ తొక్కుతారు. ఎవరూ ఏమీ అడగని గంట కదా మీకు కావలసింది? ఆదివారం సరదాకి ట్రైలర్ బాగుంటుంది, రోజూ అంటే మీకే విసుగొస్తుంది.

సైకిల్ మానేస్తే ఇల్లు సద్దుమణుగుతుంది, ఒక నెల. ఆ తర్వాత కర్రోడిని చూసినప్పుడల్లా మీకు ఆ పోయిన గంట గుర్తొస్తుంది, పాపం దానికేమీ తెలియకపోయినా చీదరించుకుంటారు. థైరాయిడ్ ఎటూ ఉండనే ఉంది. మీ ఆయన అడిగారు కాబట్టి మానేశానన్న మాట ఎప్పుడో ఒక గొడవలో బయటికి వస్తుంది. అన్నీ తెలిసీ మానుకుంటానంటే మీ ఇష్టం, కానీ కుక్క పేరు చెప్పి మానకండి.

నేనైతే రెండూ విడదీస్తాను. దానికి కావలసింది దూరం కాదు, వాసనలు. ఇరవై నిమిషాలు దాని ఇష్టం వచ్చిన చోటల్లా ఆగనిస్తూ, ప్రతి స్తంభాన్నీ ప్రతి చెత్తకుప్పనీ మూచూస్తూ నడవనిస్తే, ఆరు కిలోమీటర్లు రొప్పుతూ పరిగెత్తిన దానికంటే ఎక్కువ తృప్తిగా పడుకుంటుంది. వరస ముఖ్యం: ముందు నడక, తర్వాత దానికి తిండి, ఆ తర్వాత సైకిల్. పొట్ట నిండి, నడకైపోయిన కుక్క నిద్రకి పోతుంది. ఖాళీ కడుపుతో, గేటు వంక చూస్తూ కట్టేసిన కుక్కే ఏడుస్తుంది.

ఏడుపు మాన్పడానికి ఇంకో చిట్కా. సైకిల్ తాళం చప్పుడే దానికి గంట కొట్టినట్టు. అందుకని సాయంత్రాలు ఊరికే ఆ తాళం తీసి, గలగలలాడించి, మళ్ళీ వేసేయండి. హెల్మెట్ పెట్టుకుని టీవీ ముందు కూర్చోండి, ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనీండి. సైకిల్ గేటు దాకా నెట్టుకెళ్ళి వెనక్కి తెచ్చేయండి. ఆ చప్పుడుకి అర్థం లేదని దానికి అనిపించే దాకా చేయాలి, తర్వాత రెండు నిమిషాలు నిజంగా వెళ్ళి రండి, ఆపైన ఐదు. ఏడుస్తున్నప్పుడు తిరిగొచ్చి ముద్దు చేయకండి. వాకిట్లో నైలాన్ తాడుకి కట్టడం ఆపేయండి, గోడ దూకే అలవాటున్న కుక్క ఏదో ఒకరోజు ఆ గోడకే ఉరేసుకుంటుంది. లోపల, మనుషులున్న గదిలో తలుపేసి ఉంచండి. ఆ ఉతికే రాయిని గోడకి దూరంగా జరిపించండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించండి, దూకినా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఓనరమ్మకి ముందే చెప్పండి, పదిహేను రోజులు కాస్త ఓర్చుకోమని. చెప్పకుండా మొరిగితే గొడవ, చెప్పాక మొరిగితే ఆవిడే "ఈరోజు నయం" అంటుంది.

మరి పొద్దున నడిపించేదెవరు? ఇక్కడే మీ ఆయన మాట ఇంకోసారి వినాలి. "నాన్న కుక్క" అన్నాడు చూడండి, మన కుక్క అనలేదు. మామగారు పోయాక రాత్రిపూట కర్రోడికి ఆయనే పెరుగన్నం కలిపి పెడతాడని, అది తినేదాకా మాట్లాడకుండా అరుగు మీద కూర్చుంటాడని రాశారు. ఆయనకి మీ సైకిల్ మీద కోపం ఉందో లేదో నేను చెప్పలేను. కొంత ఉండొచ్చు కూడా, పొద్దున్నే ఇంట్లో కాఫీ పెట్టే మనిషి కనపడకపోతే కొంతమంది మగాళ్ళకి తిక్క పుడుతుంది. కానీ ఆ రోజు ఆటోలోంచి దిగిన కుక్కని చూసి ఆయన బెదిరిపోయాడన్నది మాత్రం నిజం. మీరేమో నా గంట లాక్కుంటున్నారనుకున్నారు. ఇద్దరూ పోట్లాడుకుంటున్నది ఒకే విషయం మీద కాదు.

కాబట్టి "సైకిల్ ఆపను" అని మొదలుపెట్టకండి. ఆసుపత్రికి ఆయన్నీ తీసుకెళ్ళండి, డాక్టర్ చెప్పేది ఆయన చెవులతోనే విననీండి. వచ్చాక, "ఇంక సైకిల్ వెంట రానివ్వను, తెల్లారకుండా నేనూ ఆ రోడ్డుకి పోను, పొద్దున దాన్ని నువ్వు తిప్పు" అనండి. ఆయన ఒప్పుకుంటే మీ గంట మీకు, ఆయనకి వాళ్ళ నాన్న కుక్కతో ఇరవై నిమిషాలు. ఒప్పుకోకపోతే, వారంలో మూడు రోజులు మీరు నడిపించి, మూడు రోజులు సైకిల్ తొక్కండి, క్యారియర్ల పనిలో ఆయన ఒక చెయ్యి వేయాలని అప్పుడే తేల్చుకోండి. "కుక్కనీ నువ్వే చూడు, వంటా నువ్వే చెయ్, సైకిలూ మానెయ్" అంటే మాత్రం అది కుక్క సమస్య కాదు, అప్పుడు మళ్ళీ రాయండి, వేరే సమాధానం రాస్తాను.

ఆ వీధికుక్కల గొడవలో దానికి పన్ను దిగిందా లేదా మీరు రాయలేదు. నల్ల బొచ్చులో చిన్న గాట్లు కనపడవు, తడిమి చూడండి. దిగుంటే ఏటా వేసే రేబిస్ టీకా వేసి ఉన్నా డాక్టరుకి చెప్పండి, మళ్ళీ వేయాల్సి రావచ్చు. ఇకముందు మీకే గీరుకున్నా సరే, పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి, పసుపు పెట్టి ఊరుకోకూడదు.

ఇంటర్ చదివే కొడుకున్నాడని ఒక చోట రాసి, వాడి ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఈఏపీసెట్ కోచింగ్ అంటారేమో. వారానికి ఒక్క పూట, పావుగంట కుక్కని తిప్పితే ఏ ర్యాంకూ పోదు. ఆదివారం వాడికి అప్పజెప్పేసి, బాగా తెల్లారాక మీరు తీరిగ్గా శ్రీనివాసమంగాపురం దాకా తొక్కి రండి, టిఫిన్ సంగతి ఆ పూట వాళ్ళే చూసుకుంటారు.